ఎడమవాటం మడతలు

పెళ్ళైన దగ్గర్నుంచీ మా ఆయనతో నేను పోట్లాడింది ఒక్క కొండ గురించే. డబ్బు గురించి కాదు, చుట్టాల గురించి కాదు, కూరలో ఉప్పు గురించి అసలే కాదు, ఎందుకంటే వంట అత్తయ్యది. మేమిద్దరం ఒకే కాలేజీలో రాళ్ళ చదువు చదివాం, ఒకే సర్వే ఆఫీసులో చేరాం, కాలికి బలపం కట్టుకుని ఒకే కొండల్లో తిరిగాం, ఎలాగూ కలిసే తిరుగుతున్నాం కదా అని పెళ్ళి చేసుకున్నాం. క్లాసులో అలవాటైన 'నువ్వు' పెళ్ళయ్యాక 'మీరు' కాలేదు. అత్తయ్య మొదట్లో ముక్కున వేలేసుకుంది. తర్వాత "దీనికి మీరు అనడానికి నోరు తిరగదులే" అని వదిలేసింది.

ఆ కొండ రాళ్ళు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటివి. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మట్టీ, అగ్నిపర్వతాల బూడిదా భూమి లోపలికి దిగి, వేడికి ఉడికి, ఒత్తిడికి నలిగి, మడతలు పడి, ఆ మడతల మీద మళ్ళీ మడతలు పడి, చివరికి గట్టి రాయై పైకి తేలాయి. ఆ కొండకి పడమటి అంచున ఒక నల్లరాయి పట్టీ ఉంది. తూర్పు అంచునా అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంది. ఆ రెండూ ఒకటే పొర అని మా ఆయన వాదన. దుప్పటిని మధ్యకి మడిచినట్టు ఆ పొర అంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగిందట, ఆ తిరిగిన మలుపు కొండ మీదే ఎక్కడో ఉందట. మలుపూ లేదు, గిలుపూ లేదు, అవి రెండూ వేరే వేరే పొరలు, పక్కపక్కన నించున్నాయంతే అని నా వాదన. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం ఇద్దరమూ. కాకపోతే ఆయన కుందేలు వేరు, నా కుందేలు వేరు.

రాయి దగ్గర మొగుడూ లేడు, పెళ్ళామూ లేదు. ఇది మేం ఎప్పుడూ పైకి అనుకోని ఒప్పందం. ఆయన జ్వరంతో మంచం పట్టినప్పుడు కూడా 'పోనీలే పాపం, మలుపు ఉందేమోలే' అని నేను అనలేదు. కాన్పులో బిడ్డ పోయి నేను గోడ వైపు తిరిగి పడుకున్న రోజుల్లో ఆయన నన్ను ఓదార్చడానికి ఎన్ని మాటలు చెప్పాడో లెక్కలేదు. మలుపు లేదని మాత్రం అనలేదు. అందుకే ఆయన మిగతా మాటలన్నీ నేను నమ్మాను.

ఆ ఏడు ఆఫీసువాళ్ళు ఆ కొండని మా ఇద్దరికీ కలిపి ఇచ్చారు. పడమటి సగం నాకు, తూర్పు సగం ఆయనకి. చలి మొదలవగానే వెళ్ళి ఎండలు ముదిరేలోగా మ్యాపు ముగించాలి.

"ఈ సీజన్‌తో తేలిపోవాలి," అన్నాడు జీపులో సామాను ఎక్కిస్తూ.

"తేలేదేముంది? లేనిది ఎక్కడ వెతికినా లేనట్టే," అన్నాను.

ఊరి చివర మూతపడిన పిండిమర అద్దెకి దొరికింది. మర తీసేశారు గానీ వాసన అలాగే ఉంది. ఎంత ఊడ్చినా గోడల బీటల్లోంచి సన్నటి తెల్లపొడి రాలుతూనే ఉండేది. ఒక గదిలో మేం, ఇంకో గదిలో అత్తయ్య, వసారాలో డ్రైవరు. అత్తయ్యని ఇంటి దగ్గర ఉండమంటే ఏ సీజన్లోనూ వినలేదు. "మిమ్మల్ని వదిలేస్తే రాళ్ళు కొరుక్కుని బతుకుతారు," అని గిన్నెలతో సహా బయల్దేరేది.

ఆ సీజన్లో మా ఆయన మా అందరికీ నవ్వులాట అయిపోయాడు. చొక్కా బొత్తాలు ఎక్కుడు దిగుడుగా పెట్టుకునేవాడు. చెప్పులు మార్చి తొడుక్కుని కుంటుతూ నాలుగు అడుగులు వేశాక ఆగి, కాళ్ళ వంక చూసుకునేవాడు. ముత్యాల్లాంటి రాత కాస్తా కోడి కెలికినట్టైంది. ఒకరోజు భోజనానికి తనే కంచాలు పెట్టాడు. నలుగురం ఉంటే మూడు పెట్టి, సరిపోయాయన్నాడు.

"ఎవర్ని పస్తు పెడదామనిరా?" అంది అత్తయ్య.

మళ్ళీ లెక్కపెట్టాడు. మళ్ళీ సరిపోయాయనే అన్నాడు. అందరం విరగబడి నవ్వాం, ఆయనతో సహా. డ్రైవరు తన కంచం తనే తెచ్చుకున్నాడు.

మనసు కొండ మీద వదిలేసి వచ్చే మనిషి ఇంట్లో ఇలాగే ఉంటాడని నేను సరిపెట్టుకున్నాను. కొంచెం భయం కూడా వేసింది. ఆయనకి ఏమైందోనని కాదు. ఇంత ధ్యాస పెట్టి వెతుకుతున్నాడు, కొంపదీసి ఆ మలుపు నిజంగా దొరుకుతుందేమోనని.

మలుపు దొరకడం అంటే ఏంటో కాస్త చెప్పాలి. దుప్పటిని రెండు చేతులతో దగ్గరికి తోస్తే పెద్ద ముడత లేస్తుంది, దాని ఒంటి నిండా చిన్న ముడతలు పడతాయి. పెద్ద ముడతకి ఒక పక్కన ఉన్న చిన్నవన్నీ ఎడమకి తిరిగి ఉంటాయి, రెండో పక్కవి కుడికి తిరుగుతాయి, నడినెత్తిన ఉన్నవి ఎటూ తిరగవు. కొండలోనూ అంతే. పెద్ద మడత మైళ్ళ పొడవు, అది ఎవరి కంటికీ కనపడదు. కనపడేవి జానెడు, బెత్తెడు చిన్న మడతలే. వాటి వాటం ఎడమ నుంచి కుడికి ఎక్కడ మారిందో, పెద్ద మడత అక్కడ తిరిగినట్టు. ఒకటే జాగ్రత్త. మడత ఏ దిక్కున నేలలోకి దిగుతోందో ఆ దిక్కుకే మొహం పెట్టి చూడాలి. ఎదురు దిక్కు నుంచి చూస్తే ఎడమ కాస్తా కుడిలా కనిపిస్తుంది. మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు అది.

నా పడమటి సగంలో అన్నీ ఎడమవాటమే. ఆయన తూర్పు సగంలో మారాలి. మారితే ఆయన గెలిచినట్టు, మారకపోతే నేను.

ఒక సాయంత్రం నేను వసారాలో కూర్చుని బూట్ల మట్టి దులుపుకుంటున్నాను. దూరం నుంచే కేక వినిపించింది. సుత్తి గాల్లో ఊపుకుంటూ, అంత వయసు మనిషి, పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"ఏమోయ్! మారింది! వాటం మారింది!"

"ఎక్కడ?"

"నా సగం మధ్యలో వాగు ఉందిగా, అది దాటగానే. అటుపక్క అన్నీ కుడివాటమే. మలుపు వాగులోనే ఉంది. ఒప్పేసుకో ఇక."

"నడినెత్తివి దొరికాయా? ఎటూ తిరగనివి?"

"అవి వాగు మట్టి కింద పడి ఉంటాయి."

"భలే చెప్పావ్. కావలసినవి మట్టి కింద, కళ్ళకి కనపడేవి నీ మాట మీద."

"అదిగో, కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మొదలెట్టింది," అని నవ్వి, పొయ్యి దగ్గరున్న అత్తయ్యని రెండు భుజాలూ పట్టుకుని లేవదీశాడు. "అమ్మా, దొరికిందే!"

"ఏం దొరికిందిరా?"

"మలుపు!"

"ఇన్నేళ్ళు ఎండలో మాడి పట్టుకొచ్చింది మలుపా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది," అంది అత్తయ్య. అంటూనే కొడుకు మొహం చూసి తనూ నవ్వేసింది. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకోబోయాను. నాకు గుర్తు రాలేదు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

మర్నాడు పొద్దున్నే ఆయన జీపులో ఊళ్ళోకి వెళ్ళి మా ఆఫీసరుకి ఫోన్ చేసి చెప్పాడు. నెలాఖరుకి పై ఆఫీసు పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని తనే వస్తానని ఆఫీసరు మాటిచ్చాడు. ఆయన అటు వెళ్ళగానే నేను వాగు దాటాను.

మేం చూసిన ప్రతి రాయి మీదా తెల్ల పెయింటుతో నెంబరు వేసి, పక్కన వాటం రాస్తాం. ఎడమైతే 'ఎ', కుడైతే 'కు'. వాగు దాటాక మొదటి రాయి మీద 'కు' అని ఉంది. మడత దిగే దిక్కుకి మొహం పెట్టి గొంతుక్కూర్చుని చూశాను. ఎడమవాటం. మళ్ళీ చూశాను. సందేహం లేదు, అచ్చమైన ఎడమవాటం.

నా ప్రాణం లేచొచ్చింది. అటుపక్క నించుని చూసినట్టున్నాడు! ఇంత పెద్ద మనిషి, ఆఫీసులో కొత్తగా చేరే పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి, మొదటి ఏడాది తప్పు చేశాడు! రెండో రాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడా 'కు' అని రాసి ఉంది, అక్కడా ఎడమే. మూడోదీ, దాని తర్వాతవీ అంతే. కొండ మీద ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. సాయంత్రం ఏమని ఏడిపించాలో మాటలు కూడా పేర్చుకున్నాను.

ఇంకొంచెం పైన ఒక రాయి కొండకి అతుక్కుని ఉంది. వెనక అంతా కొండే, ముందు ఒక మనిషి నించునేంత చోటు. దాన్ని ఎదురు దిక్కు నుంచి చూడాలన్నా ఎవరికీ సాధ్యం కాదు. దాని మీదా 'కు' అనే ఉంది.

నవ్వు ఆగిపోయింది. ఒళ్ళు మండింది. ఇక్కడ పొరపాటు పడే వీలే లేదు, అంటే కావాలని రాశాడన్నమాట. గెలవడం కోసం లేని వాటం రాయి మీద రాశాడన్నమాట. మా వృత్తిలో అంతకంటే నీచం లేదు. రాయి ఒకటి చెబితే మనం ఇంకొకటి రాయడం! ఇన్నేళ్ళు నేను పోట్లాడింది ఇలాంటి మనిషితోనా అనిపించింది. పెద్దవాళ్ళొచ్చి చూస్తే పరువు పోయేది ఆయన ఒక్కడిదే కాదు. అంతకు ముందు ఈయన నాకు జవాబు చెప్పాలి.

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని అదే రాయి దగ్గరికి తీసుకెళ్ళాను. హుషారుగా వచ్చాడు. ఓడిపోయినదాన్ని, ఒప్పుకోవడానికి వస్తున్నాననుకున్నాడు.

"ఇది ఏ వాటం?" అన్నాను.

"కుడి."

"సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నాగా. కుడి."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"నీ కళ్ళలో ఏముంటుంది, రాతిలో చూడు," అని మోకాళ్ళ మీద కూర్చుని, చూపుడు వేలితో మడత వెంట గీత గీసినట్టు చూపించాడు. పొడుగు వంపు, కురచ వంపు, మళ్ళీ పొడుగు వంపు. ఒక్క చోట కూడా వేలు తప్పలేదు. వేలు ఎడమకి తిరిగింది, మడత ఎటు తిరిగిందో అటే. "చూశావా, ఎంత ముద్దుగా కుడికి తిరిగిందో!" అన్నాడు.

ఆ మొహంలో అబద్ధం లేదు. అంత తెలిసిన మొహంలో అబద్ధం ఉంటే నాకు కనపడకుండా పోదు. నాలోని కోపం ఎటు పోయిందో తెలియలేదు. దాని చోట ఇంకేదో చల్లగా దిగడం మొదలైంది.

"నీ వాచీ ఏ చేతికి ఉంది?" అన్నాను.

నవ్వాడు. "ఇదేం ప్రశ్న? ఈ చేతికి," అని చెయ్యి ఎత్తాడు.

"ఏ చెయ్యి అది?"

ఆ చేతి వంకా, రెండో చేతి వంకా చూశాడు. పెళ్ళిలో ఎదురైన దూరపు చుట్టం పేరు గుర్తు రానట్టు చూశాడు. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళలో బెదురు కనిపించింది.

"నన్ను ఆటపట్టిస్తున్నావా?" అన్నాడు.

"ఆఁ, ఆటపట్టిస్తున్నా," అన్నాను. "ఎండెక్కుతోంది. పద, దిగుదాం."

"మరి ఒప్పుకున్నట్టేనా?"

"కిందకెళ్ళి మాట్లాడుకుందాం."

దిగేటప్పుడు నేను ముందు నడిచాను, నా మొహం ఆయనకి కనపడకూడదని.

జీపులో ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. బాట చీలిన చోట "కుడికి తిప్పు," అని, చెయ్యి ఎడమకి చూపించాడు. డ్రైవరు మారు మాట్లాడకుండా ఎడమకి తిప్పాడు. పిండిమర దగ్గర దిగాక, ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి డ్రైవర్ని అడిగాను.

"సార్ కుడి అంటే నువ్వు ఎడమకి తిప్పావేం?"

"సార్ చెయ్యి ఎటు చూపిస్తే అటేనమ్మా. నోటి మాట పట్టుకుంటే గూటికి చేరం," అని నవ్వాడు.

"ఎప్పట్నుంచి?"

"ఈ క్యాంపుకి వచ్చిన కొద్దిరోజుల నుంచీ ఇంతేగా. సరదాకి అలా అంటున్నారనుకున్నా." అప్పుడు నా మొహం చూశాడు. "ఏమ్మా, సరదాకి కాదా?"

ఆ సీజన్లో మేం నవ్విన నవ్వులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. బొత్తాలూ చెప్పులూ కోడి కెలికిన రాతా, ఆ మూడు కంచాలూ. మారింది రాయి కాదు. వాగు దగ్గర మారింది మా ఆయన.

కళ్ళు చూపించుకుందామని అబద్ధం చెప్పి నగరంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. "చత్వారమే అయ్యుంటుంది, దానికింత హడావుడా," అని సణుగుతూ వచ్చాడు. అత్తయ్య తనూ వస్తానంది. నేను ఏమీ చెప్పకపోయినా ఆవిడకి ఏదో తెలిసిపోయింది, దారి పొడుగునా ఒక్క జోకు కూడా వేయలేదు.

డాక్టరు మా కంటే చాలా చిన్నవాడు. మర్యాదగా, "మీ కుడి చేత్తో ఎడమ చెవి పట్టుకోండి సార్," అన్నాడు.

మా ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఒక చెయ్యి కొంచెం లేచి మళ్ళీ దిగింది. నుదుటి మీద చెమట పట్టింది. పక్క కుర్చీలో అత్తయ్య, డాక్టరు చూడకుండా, తన చెవి తను పట్టుకుని కొడుక్కి చూపిస్తోంది. 'ఇది నాన్నా, ఇదీ' అని పెదాలు కదుపుతోంది. మా ఆయన తల్లి వంక చూసి, ఎదురుగా ఉన్న మనిషిని చూసి చేసినట్టే చేశాడు. అదీ తప్పే అయింది. నేను తల తిప్పుకుని గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను, ఎంతసేపు చూసినా అందులో ఏ నెలో నాకు తెలియలేదు.

స్కాను తీశాక డాక్టరు ఆ ఫిల్ము వెలుతురు పలక మీద పెట్టాడు. తలకి ఎడమ పక్క, కొంచెం వెనగ్గా, తెల్లటి ముద్ద కనిపించింది. డాక్టరు ఏదో చెప్పబోతుండగా మా ఆయన లేచి దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు తీసి పెట్టుకుని, రాయిని చూసినట్టే చూశాడు.

"ఈ మడతలన్నీ పక్కకి ఒరిగిపోయాయి," అన్నాడు వేలితో చూపిస్తూ. "ఇది వాటిని తోసుకుంటూ వచ్చింది. అంటే మడతల తర్వాత వచ్చింది. కొత్తది."

"అవును సార్, కొత్తదే," అన్నాడు డాక్టరు.

"అంచులు నీట్‌గా లేవు. చుట్టూ ఉన్నదాంట్లో కలిసిపోయింది," అన్నాడు మా ఆయన నా వంక తిరిగి, నన్ను ఒప్పిస్తున్నట్టు. "చూడు, ఎక్కడిదాకా దాని హద్దో గీయడం కష్టం."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన చదివింది తప్పైతే బాగుండునని దేవుణ్ణి వేడుకున్నాను.

ఆపరేషన్ జరిగింది. తీయగలిగినంత తీశారు. ఆ తర్వాత డాక్టరు నన్ను ఒక్కదాన్నే వరండాలోకి పిలిచి, "ఇది చాలా వేగంగా పెరిగే రకమండీ. మళ్ళీ వస్తుంది. వానాకాలం చూస్తారని నేను మాటివ్వలేను," అన్నాడు. లోపలికెళ్ళి, తగ్గిపోతుందన్నారని ఇద్దరికీ చెప్పాను. అత్తయ్య చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. ఆయన మాత్రం నా వంకే చూశాడు.

చూడ్డానికి వచ్చిన మా ఆఫీసరు, పెద్దవాళ్ళని రావద్దని చెప్పేశానన్నాడు. పాపం మంచివాడు, ఎటు చూడాలో తెలియక మంచం కాళ్ళు చూస్తూ నించున్నాడు. నేను బయటిదాకా సాగనంపడానికి వెళ్ళాను.

"ఎండలు ముదిరేలోగా మ్యాపు అచ్చుకెళ్ళాలమ్మా. ఆయన చెప్పినట్టే మలుపు గీయించేయనా?" అన్నాడు. "ఎవరు అడుగుతారు చెప్పు? ఆయనకీ తృప్తిగా ఉంటుంది."

"కొండ మీద లేదు సార్," అన్నాను. "లేనిది గీయకండి. ఆయన బాగున్నప్పుడు అడిగుంటే ఆయనే ఒప్పుకునేవాడు కాదు."

ఆ మాట అనేసి గదిలోకి వచ్చాను. ఆయన ఇన్నేళ్ళు కోరుకున్నది ఆయన బతికి ఉండగానే నా చేత్తో తుడిచేశాను. తప్పు చేయలేదని తెలుసు. తెలిస్తే మాత్రం ఏడుపు ఆగుతుందా?

ఇంటికి తెచ్చాం. కిటికీ పక్కన మంచం వేశాం. ఎండలు ముదిరాయి, మధ్యాహ్నం పూట తలుపులు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆయనకి మాటలు తడుముకుంటే గానీ దొరకడం లేదు. గ్లాసుని తలుపు అనేవాడు, కాదని తెలిసి విసుక్కునేవాడు. అత్తయ్య మాత్రం రోజురోజుకీ కోలుకుంటున్నాడనే అనుకుంటోంది. ఒక ముద్ద అన్నం ఎక్కువ తింటే చాలు, వంటింట్లోంచి నాకు కేకేసి మరీ చెప్పేది. నాకు ఆవిణ్ణి చూస్తేనే దుఃఖం ఆగేది కాదు.

ఒక మధ్యాహ్నం నేను ఆయన కాళ్ళకి నూనె రాస్తున్నాను. నిద్రపోతున్నాడనుకున్నాను.

"కిందకెళ్ళి... మాట్లాడుకుందామన్నావ్," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "ఇంకా మాట్లాడలేదు."

"దేని గురించి?"

"మలుపు. నువ్వు చూశావుగా. నీ కళ్ళతో చూశావుగా. ఉందా, లేదా?"

నా చెయ్యి ఆగిపోయింది. మ్యాపులో గీయవద్దని చెప్పడానికి లేని కష్టం, ఆ మొహం చూస్తూ చెప్పడానికి వచ్చింది. కుట్లు పడిన తల, చిక్కిపోయిన మెడ, ఎదురుచూస్తున్న కనురెప్పలు. ఈ ఒక్క సంతోషం మిగిల్చితే ఎవరి సొమ్ము పోయిందిలే అనిపించింది. ఆఫీసరుకి అంత గట్టిగా చెప్పినదాన్ని, ఆయన దగ్గరికొచ్చేసరికి ఓడిపోయాను.

"ఉంది," అన్నాను. "వాగులోనే ఉంది. నువ్వన్నదే నిజం. ఇన్నాళ్ళూ నేనే మొండికేశాను."

ఎగిరి గంతేస్తాడనుకున్నాను. కళ్ళు తెరిచి నా వంక చూశాడు. మొహంలో నవ్వు మొదలై, సగంలో ఆగి, మెల్లగా పోయింది.

"డాక్టరు ఏమన్నాడు?" అన్నాడు.

"ఏమంటాడు? తగ్గిపోతుందన్నాడు. చెప్పాగా."

"నాకు చెప్పింది కాదు. నీకు చెప్పింది."

"నాకు మాత్రం వేరే చెప్తాడేంటి?" అని నూనె సీసా మూత వెతకడం మొదలెట్టాను. మూత నా చేతిలోనే ఉంది.

"బిడ్డ పోయినప్పుడు... నేను అన్నం మానేసి కూర్చుంటే... అప్పుడు కూడా ఒప్పుకోలేదు నువ్వు." ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ అన్నాడు. "ఇవాళ ఒప్పుకున్నావ్. అంత దగ్గరికి వచ్చేసిందా?"

ఇక నా వల్ల కాలేదు. మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆసుపత్రి వరండాలో ఏడవనిది, వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకున్నది, అంతా అక్కడే ఏడ్చాను. ఆయన చెయ్యి నా తల మీదకి వచ్చింది. వారించలేదు, ఊరుకోమనలేదు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు.

"వానలు చూడవన్నాడు."

కిటికీ అవతల ఎండ కాస్తూనే ఉంది. వీధిలో ఎవరో బిందె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆయన పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతుంటే నేను కొంగుతో తుడిచాను. మళ్ళీ జారాయి, మళ్ళీ తుడిచాను.

"మరి మలుపు?" అన్నాడు చివరికి.

"లేదు," అన్నాను.

"లేదా?"

"ఎక్కడా లేదు. ఆ కొస నుంచి ఈ కొస దాకా కొండంతా ఎడమవాటమే."

ఆయన ఊపిరి బరువుగా వదిలి, తలగడ మీద కొంచెం పైకి జరిగాడు. "ఎలా చెప్పగలవ్?" అన్నాడు. ఆ గొంతులో పాత పంతం వినిపించింది.

ముక్కు తుడుచుకుని, పడమటి నల్లపట్టీ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క రాయే చెప్పుకుంటూ వచ్చాను. ఆయన ప్రతిదానికీ అడ్డం తగిలాడు. మాట దొరక్క తడుముకుంటుంటే ఆగాను. దొరికి పైకి అనగానే కొట్టిపారేశాను. ఒకచోట నిజంగానే నాకు జవాబు దొరకలేదు, అది చూసి పిడికిలితో మంచం మీద గుద్దాడు. నా గొంతు పెరిగింది, ఆయనదీ పెరిగింది.

అత్తయ్య పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఆపరేషనైన మనిషితో ఏంటే ఆ వాదన? ఇవాళ ఒక్కరోజు వాడి మాట నెగ్గనిస్తే నీ సొమ్మేం పోయింది?" అని నన్ను కసిరింది.

"నువ్వు ఊరుకో అమ్మా," అన్నాడు మా ఆయన, నా మీంచి చూపు తిప్పకుండా. "ఇంకా అవలేదు."